ఎర్ర చుక్క గారికి ఒక శ్రోత విన్నపం

మహారాజశ్రీ ఎర్ర చుక్క గారి దివ్యసముఖానికి,

మొన్న బంజారాహిల్స్‌లో ఓ చిత్రప్రదర్శన ప్రారంభోత్సవంలో తమర్ని దగ్గర్నుంచి చూసే భాగ్యం కలిగింది. మనిషి చిటికెన వేలి గోరంత ఉంటారు. బొమ్మ పక్కన చీటీ మీద తమరు అంటుకుంటే అది అమ్ముడుపోయినట్టు లెక్క. అప్పటిదాకా ఆ బొమ్మ వంక చూడనివాళ్లు కూడా వచ్చి "ఆ నీలం చూశారా, అబ్బ!" అంటారు.

ఆ సాయంత్రం వీణ కచేరీ కూడా ఉంది, తమరు గమనించారో లేదో. మైకు లేదు, వేదిక లేదు, చాప పరిచి చుట్టూ కాసిని కుర్చీలు వేశారు. నిజానికి వీణకి కావాల్సింది ఇలాంటి గదే. పెద్ద సభల్లో ఒంటికే అంటించే కాంటాక్ట్ మైకు తగిలించుకుని గిటారులా మోగాల్సి వస్తుంది పాపం. ఇక్కడైతే ఒక్కసారి మీటాక స్వరం ఊగే గమకం ఎంతదాకా సాగి ఎక్కడ ఆరిపోతుందో చెవికి తెలుస్తుంది. అదీ, పక్కాయన గ్లాసులో ఐసుముక్కలు గలగలమనకపోతే.

మర్యాదలకేం లోటు లేదు. చిత్రాలకి తేమ తగులుతుందేమోనని గోడకి కొలిచే యంత్రం పెట్టారు. బొబ్బిలి పనసకర్ర వీణకి మాత్రం నెత్తిన హాలోజన్ దీపం, వీపున ఏసీ. వేళ్లు నొక్కే దాని 24 మెట్లూ నిలబడేది మైనం మీద, వేడికి మైనం మెత్తబడుతుందని వీణ వాయించే ఆవిడ మెల్లగా చెప్పింది. దీపం తిప్పితే వెనకున్న బొమ్మ చీకటవుతుందన్నారు. ఆవిడే చాప పక్కకి లాక్కుంది.

షణ్ముఖప్రియ రాగంలో తానం అందుకుంది. వీణ మీద తానం అంటే పక్క తంత్రులు తాళంలా పలుకుతుంటే రాగం గుర్రమెక్కడం. సరిగ్గా అప్పుడే తమరు విజయం చేశారు. గ్యాలరీ అమ్మాయి మునివేళ్ల మీద నడిచొచ్చి, తమర్ని వేలికొస నుంచి చీటీ మీదికి దింపి, బొటనవేలితో నొక్కింది. తలలన్నీ అటు తిరిగాయి. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. వీణావిడ తనకే అనుకుని తలవంచి నమస్కరించింది.

తమరు అంటుకున్నది రాగాల్ని మనుషులుగా చూపే పాత రాగమాల పద్ధతిలో గీసిన తోడి రాగిణి బొమ్మకి. అడవిలో ఒకామె వీణ పట్టుకుని నిలబడితే జింకలు మేత మాని చుట్టూ చేరతాయి. శిశుర్వేత్తి పశుర్వేత్తి, పాట రుచి శిశువుకీ పశువుకీ కూడా తెలుసు అన్నారు కదా! శిశువులు బొమ్మలు ముట్టుకుంటారని గుమ్మం దగ్గరే ఆపేశారు, పశువులేమో ఫ్రేములో ఉన్నాయి. మిగిలింది మేం. మేం మేత మానలేదు. పనీర్ టిక్కా ట్రే తోడి రాగిణి కిందినుంచే వెళ్తోంది మరి.

తమరి బెడద లేని గ్యాలరీ కచేరీలు చరిత్రలో లేకపోలేదు. 1939లో లండన్ నేషనల్ గ్యాలరీ బాంబులకి భయపడి చిత్రాలన్నీ వేల్స్‌కి తరలించింది. ఆ బోసిగోడల మధ్య మైరా హెస్ అనే పియానో కళాకారిణి మధ్యాహ్న కచేరీలు మొదలుపెట్టింది. టిక్కెట్టు ఒక షిల్లింగు. యుద్ధం ముగిశాక కూడా, 1946 దాకా జనం వస్తూనే ఉన్నారు. మొదట్లో గోడల మీద చూడ్డానికీ కొనడానికీ ఏమీ లేదు కదా, ఇంకేం చేస్తారు, విన్నారు.

మన దగ్గర చివర్లో వీణావిడకి శాలువా, పూలగుత్తి, రంగుల కేటలాగు ఇచ్చారు. పారితోషికం సంగతి నాకు తెలీదు గానీ "మంచి పరిచయాలు దొరుకుతాయమ్మా" అనడం మాత్రం విన్నాను.

కాబట్టి తమరికొక్క మనవి. వచ్చే ప్రదర్శనలో చీటీలన్నీ అయ్యాక తమ పరివారంలో ఒకరు మిగిలితే, దయచేసి వెళ్లి వీణ బుర్ర మీద అంటుకోండి. ఎవరు కొన్నారు, ఎంతకి కొన్నారు అని జనం ఎగబడతారు. ధర కనుక్కునేలోపు ఒక కీర్తన పూర్తవుతుంది.

ఇట్లు,
టిక్కా ట్రేకి దగ్గరగా, వీణకి దూరంగా కుర్చీ దొరికిన
ఒక శ్రోత