ఓపెన్ సోర్స్ ముసుగులో షరతుల సరుకు

మెటా అధినేత మార్క్ జుకర్‌బర్గ్ 2024 జులైలో ఒక బహిరంగ లేఖ రాశారు. కృత్రిమ మేధ ముందుకు సాగాలంటే ఓపెన్ సోర్సే (కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, పంచుకునేలా ఇవ్వడమే) దారి అని, తమ లామా 3.1 భాషా మోడల్‌ను ఆ దారిలోనే విడుదల చేస్తున్నామని అందులో చెప్పారు. ఆ మోడల్‌తో పాటు ఇచ్చిన లైసెన్స్ చదివితే మాత్రం సంగతి వేరుగా ఉంది. మోడల్ విడుదలయ్యే నాటికి నెలకు 70 కోట్లకు మించి వినియోగదారులున్న సంస్థ దాన్ని వాడుకోవాలంటే మెటాను విడిగా అనుమతి అడగాలి. ఇవ్వడం, ఇవ్వకపోవడం పూర్తిగా మెటా ఇష్టం. దాని సాయంతో ఎవరైనా మరో మోడల్ తయారుచేసి పంచిపెడితే, కొత్తదాని పేరు ‘లామా’ అనే మొదలవ్వాలి. ఏయే పనులకు వాడకూడదో చెప్పే జాబితా ఇంకొకటి. ఇన్ని షరతులు పెట్టిన సరుకును ఓపెన్ సోర్స్ అని ప్రచారం చేసుకోవడం వినియోగదారుణ్ని తప్పుదోవ పట్టించడమే. దీన్ని ఆపాల్సిన సమయం వచ్చిందని ఈ పత్రిక భావిస్తోంది.

తాను తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను ఏ షరతుల మీద ఇవ్వాలో తేల్చుకునే హక్కు ప్రతి కంపెనీకీ ఉంది. కోడ్ దాచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, చదవనిచ్చి వాడుకోవద్దనవచ్చు. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. మా అభ్యంతరమల్లా పదిమందీ కష్టపడి సంపాదించిపెట్టిన మంచి పేరును అర్హత లేని సరుకుకు తగిలించడం మీదే.

1998లో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజర్ కోడ్‌ను బయటపెడతామని ప్రకటించిన కొద్ది వారాలకే ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ అనే సంస్థ పుట్టింది. డెబియన్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే బృందం అంతకు ముందు ఏడాది రాసుకున్న మార్గదర్శకాలను ఆధారం చేసుకుని పది సూత్రాల నిర్వచనాన్ని సిద్ధం చేసింది. వ్యక్తులపైనా వర్గాలపైనా వివక్ష కూడదన్నది వాటిలో ఐదోది. ఫలానా రంగంలో వాడకూడదనే ఆంక్ష పెట్టకూడదన్నది ఆరోది. వ్యాపారమైనా, జన్యు పరిశోధనైనా అడ్డుచెప్పకూడదని ఆ సూత్రం ఉదాహరణలతో సహా చెబుతోంది. నిజమైన ఓపెన్ సోర్స్ లైసెన్సుల్లోనూ షరతులుంటాయి. లినక్స్ వాడే జీపీఎల్ లైసెన్స్, మార్చిన ప్రోగ్రామ్‌ను పంచేటప్పుడు దాని కోడ్ కూడా ఇవ్వాలంటుంది. కానీ ఆ నియమం చిన్న షాపుకైనా, పెద్ద కార్పొరేషన్‌కైనా ఒకటే. నువ్వెవరు, ఎక్కడుంటావు, ఎంత సంపాదిస్తావు అని అది అడగదు.

దీని ప్రయోజనం తెలుగువారికి కొత్త కాదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన గురజాడ, గిడుగు, సురవరం, మండలి వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. ఫాంట్‌ను విడిగా అమ్ముకోకూడదు వంటి ఒకటి రెండు నియమాలు పాటిస్తే చాలు, శుభలేఖ ముద్రించే ప్రెస్సు నుంచి వార్తా వెబ్‌సైట్ దాకా ఎవరైనా వాడుకోవచ్చు. ఎవరికీ ఉత్తరం రాయక్కర్లేదు, రేపు అనుమతి రద్దవుతుందేమోనన్న టెన్షన్ లేదు. ఆ నిశ్చింతే ఓపెన్ సోర్స్ ఇచ్చే అసలు ఆస్తి. లామా లైసెన్స్ కొల్లగొడుతున్నది దాన్నే.

2024 సెప్టెంబరులో వచ్చిన లామా 3.2నే చూడండి. బొమ్మలను కూడా అర్థం చేసుకునే ఆ మోడళ్ల మీద లైసెన్స్ హక్కులు యూరోపియన్ యూనియన్‌లో నివసించే వ్యక్తులకు గానీ, అక్కడ ప్రధాన కార్యాలయం ఉన్న కంపెనీలకు గానీ ఇవ్వబోమని వినియోగ విధానంలో రాశారు. ఎవరో తయారుచేసిన ఉత్పత్తిని వాడుకునే మామూలు జనానికి మినహాయింపు ఇచ్చారంతే. అంటే హైదరాబాద్‌లో ఇంజనీరుగా ఉన్న అన్నకు ఉన్న హక్కు మ్యూనిక్‌లో స్థిరపడ్డ తమ్ముడికి లేదు. ఇద్దరూ కలిసి ఒక ప్రాజెక్టు మొదలుపెడితే ఎవరు ఏ పనిచేయాలో లాయర్‌ను అడగాలి. ఐదో సూత్రాన్ని ఇంతకన్నా సూటిగా ఉల్లంఘించడం కష్టం.

ఆంక్షల జాబితా ఎవరి చేతిలో ఉందో కూడా గమనించాలి. సైనిక అవసరాలకు లామాను వాడకూడదని మెటా విధానం చెబుతుంది. 2024 నవంబరులో మాత్రం అమెరికా రక్షణ విభాగాలకు, వాటితో కలిసి పనిచేసే ప్రైవేటు కాంట్రాక్టర్లకు దాన్ని అందుబాటులోకి తెస్తున్నట్టు అదే మెటా ప్రకటించింది. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఒక కంపెనీ తలచుకుంటే కొందరికి తలుపు తీస్తుంది, కొందరికి వేస్తుంది. అలాంటి సరుకు ఉమ్మడి ఆస్తి ఎలా అవుతుంది?

తెలుగుకు సంబంధించి ఇందులో ఇంకో చిక్కు ఉంది. మన భాషలో శిక్షణకు పనికొచ్చే డేటా తక్కువ. అందుకే ఒక మోడల్ చేత వాక్యాలు రాయించి, వాటిని సరిదిద్ది, మరో మోడల్‌కు నేర్పించడం మామూలైపోయింది. 2023 నాటి లామా 2 లైసెన్స్ ఈ పనిని నేరుగా నిషేధించింది. దాని నుంచి వచ్చిన ఏ ఫలితాన్నీ వేరే భాషా మోడల్‌ను మెరుగుపరచడానికి వాడకూడదంది. 3.1తో ఆ నిషేధం సడలింది గానీ అలా తయారైన మోడల్‌కూ పేరు షరతు వర్తిస్తుంది. ఆ 3.1 అధికారికంగా మద్దతిచ్చే 8 భాషల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. మన భాషను దానికి నేర్పే శ్రమ మనది, పేరులో ముందుండే హక్కు వాళ్లది. ఇదే సమయంలో ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం తెలుగుతో సహా 22 షెడ్యూల్డ్ భాషల మధ్య అనువాదం చేసే ఇండిక్‌ట్రాన్స్2ను ఎంఐటీ లైసెన్స్ కింద ఇచ్చింది. ఆ లైసెన్స్ ఒక పేజీ కూడా నిండదు. కాపీరైట్ ప్రకటన ఉంచితే చాలు, ఏమైనా చేసుకోవచ్చు.

కృత్రిమ మేధకు ముందే డేటాబేస్ కంపెనీలు ఈ బాట పట్టాయి. మోంగోడీబీ 2018 అక్టోబరులో తన లైసెన్స్‌ను ఎస్‌ఎస్‌పీఎల్‌కు మార్చింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా సేవగా అందిస్తే, దాన్ని నడిపించే నిర్వహణ, పర్యవేక్షణ, బ్యాకప్, స్టోరేజీ కోడ్ మొత్తం బయటపెట్టాలని దాని షరతు. ఆచరణలో అది ఎవరి వల్లా కాదు. ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదం కోసం దరఖాస్తు చేసి, వ్యతిరేకత రావడంతో 2019 మార్చిలో కంపెనీయే వెనక్కి తీసుకుంది. ఎలాస్టిక్‌సెర్చ్ అనే శోధన సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎలాస్టిక్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. అపాచీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉన్న కోడ్‌ను ఎప్పటికీ మార్చబోమని 2018లో హామీ ఇచ్చి, 2021 జనవరిలో మార్చేసింది. ఆ మార్పును ప్రకటించిన శీర్షికలో సైతం ‘ఓపెన్’ పట్ల తమ నిబద్ధత రెట్టింపయిందని చెప్పుకొంది. ఆ హామీని నమ్మి ఉచితంగా కోడ్ రాసిచ్చిన వందలాది మంది ప్రోగ్రామర్లకు ఇది ద్రోహమే.

ఈ కంపెనీల గోడు అబద్ధమని అనడం లేదు. అమెజాన్ వంటి క్లౌడ్ దిగ్గజాలు వాళ్ల సాఫ్ట్‌వేర్‌ను తీసుకుని, తమ సర్వర్ల మీద పెట్టి అమ్ముకున్నాయి. తయారుచేసినవారికి దక్కింది అంతంతమాత్రం. అది నిజమైన సమస్య, దానికి పరిష్కారం వెతుక్కోవాల్సిందే. కానీ దెబ్బ తగిలింది అమెజాన్‌కు కాదు. అది వెంటనే ఎలాస్టిక్‌సెర్చ్ పాత కోడ్‌ను ఫోర్క్ చేసి (వేరే శాఖగా చీల్చి) ఓపెన్‌సెర్చ్‌గా నడుపుకొంది. 2023 ఆగస్టులో హాషికార్ప్ కంపెనీ తన టెరాఫామ్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మార్చితే అలాగే ఓపెన్‌టోఫు పుట్టింది. 2024 మార్చిలో రెడిస్ డేటాబేస్ లైసెన్స్ మారితే పది రోజుల్లోపే లినక్స్ ఫౌండేషన్ నీడన వాల్కీ వచ్చింది. నలిగిపోయింది మధ్యలో ఉన్న చిన్న కంపెనీలు. పాత వెర్షన్‌లో ఉండిపోవాలా, ఫోర్క్‌కు మారాలా, కొత్త షరతులకు తలొగ్గాలా తేల్చుకోవడానికి ఇంజనీర్లు అసలు పని పక్కనపెట్టి లైసెన్సులు తిరగేశారు. చివరికి ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ను చేర్చి ఓపెన్ సోర్స్‌కు తిరిగొచ్చాయి.

నిజాయతీగా షరతులు పెట్టినవారూ లేకపోలేదు. మరియాడీబీ డేటాబేస్ కంపెనీ రూపొందించిన బిజినెస్ సోర్స్ లైసెన్స్, తాను ఓపెన్ సోర్స్ లైసెన్స్ కాదని తన పాఠంలోనే ఒప్పుకుంటుంది. కొంతకాలం తర్వాత కోడ్ ఓపెన్ సోర్స్ అవుతుందని చెబుతుంది. సెంట్రీ కంపెనీ 2023లో అదే తరహా లైసెన్స్ కింద ఇచ్చిన తన ఉత్పత్తిని ఓపెన్ సోర్స్ అని ప్రకటించి, విమర్శలు రాగానే సరిదిద్దుకుని, ఆ తర్వాత ‘ఫెయిర్ సోర్స్’ అని వేరే పేరు పెట్టుకుంది. 2025 ఆగస్టులో రెండు మోడళ్లను విడుదల చేసిన ఓపెన్ఏఐ, వాటికి అపాచీ లైసెన్స్ ఇచ్చి కూడా ‘ఓపెన్ వెయిట్’ (శిక్షణలో మోడల్ నేర్చుకున్న సంఖ్యలను మాత్రమే బయటపెట్టడం) అనే చెప్పింది. పెద్ద కంపెనీ కూడా సరైన పేరు పెట్టుకోగలదని దీంతో రుజువైంది.

చట్టాలు కూడా ఈ తేడాను గుర్తించడం మొదలుపెట్టాయి. నియో4జే డేటాబేస్ లైసెన్స్‌కు తగిలించిన అమ్మకపు ఆంక్షను మరో సంస్థ తీసేసి, తమది పూర్తి ఓపెన్ సోర్స్ అని ప్రచారం చేసుకుంటే, అది తప్పుడు ప్రచారమన్న కింది కోర్టు ఉత్తర్వును 2022 ఫిబ్రవరిలో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు సమర్థించింది. ఆ ఆంక్షను తీసేయవచ్చా అన్న వివాదం ఎలా ఉన్నా, ఓపెన్ సోర్స్ అన్నది కొనేవాణ్ని ప్రభావితం చేసే వాదన అని కోర్టు గుర్తించడం ముఖ్యం. యూరప్ ఏఐ చట్టం ఓపెన్ సోర్స్ మోడళ్లకు కొన్ని బాధ్యతల నుంచి మినహాయింపు ఇస్తుంది. కాబట్టి ఈ ముద్రకు ఇప్పుడు డబ్బు విలువ కూడా ఉంది. వినియోగదారుల సంఖ్యను బట్టి ఆంక్షలు పెట్టే లైసెన్సులకు ఆ మినహాయింపు వర్తించదని యూరోపియన్ కమిషన్ 2025 జులై మార్గదర్శకాల్లో స్పష్టం చేసింది.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్ విధానం తెచ్చింది. కోడ్‌ను చదువుకునే, మార్చుకునే, పంచుకునే వీలుండాలని, రాయల్టీ ఉండకూడదని నిర్వచించింది. ప్రభుత్వ టెండర్లలో అలాంటి సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలంది. భాషా మోడళ్ల ఊసే లేని రోజుల్లో రాసిన ఆ విధానాన్ని ఇప్పుడు తిరగరాయాలి. ఏ పనికైనా, ఎవరైనా వాడుకునే స్వేచ్ఛను అందులో విడిగా చేర్చాలి. మోడల్ అయితే వెయిట్లతో పాటు శిక్షణ కోడ్, డేటా వివరాలు కూడా ఇవ్వాలనాలి. ‘పర్యావరణ హితం’ అని ఊరికే రాసుకునే ఉత్పత్తుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. రుజువు చూపకుండా ఆ మాట వాడకూడదంది. సాఫ్ట్‌వేర్ ప్రకటనల్లో ఓపెన్ సోర్స్ అనే మాటకూ అదే కొలత పెట్టాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖలు ఢిల్లీ కోసం ఎదురుచూడక్కర్లేదు. రైతులకు సలహాలిచ్చే తెలుగు చాట్‌బాట్‌కో, బడి పిల్లల పాఠాల యాప్‌కో రేపు టెండర్ పిలిచేటప్పుడు, వాడే ప్రతి మోడల్, డేటాబేస్ లైసెన్స్ పూర్తి పాఠాన్ని బిడ్‌కు జతచేయాలన్న నిబంధన పెట్టాలి. ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదించిన జాబితాలో ఆ లైసెన్స్ లేకపోతే ఓపెన్ సోర్స్‌కు ఇచ్చే ప్రాధాన్యం దానికి వర్తించదని టెండర్ పత్రంలో ముందే రాయాలి. కాంట్రాక్టు నడుస్తుండగా లైసెన్స్ మారితే ఆ ఖర్చు ఎవరు భరించాలో కూడా అందులోనే తేల్చాలి.