ఓడ ఏ తేదీన వస్తుందో రాసిమ్మని అడిగేవాళ్లకు

ఈ రోజు ఉదయం మా చెల్లెలితో కలిసి, ఆమె కొడుకు చదివే ప్రైవేటు బడికి టీసీ కోసం వెళ్లాను. ఫీజు బకాయి ఒక్క రూపాయి కూడా లేదు. అయినా, చేర్పించిన రోజున దరఖాస్తు మీద సంతకం పెట్టింది తండ్రి కాబట్టి ఇప్పుడు కూడా ఆయనే రావాలన్నారు. ఆయన నేవీలో ఉన్నారనీ, ఓడ సెయిలింగ్‌లో ఉందనీ మా చెల్లెలు చెప్పింది. అలాగైతే ఆయన ఏ దేశానికి వెళ్లారో, ఏ తేదీన తిరిగి వస్తారో రాయించి, ఆఫీసు ముద్ర వేయించుకుని రమ్మన్నారు. అంతటితో ఆగి ఉంటే నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదు. "విదేశాలకు వెళ్లేవాళ్లకు ముందే తెలుస్తుంది కదమ్మా! మా అబ్బాయి అమెరికా వెళ్లడానికి మూడు నెలల ముందే టికెట్టు తీశాం. మీవారు ఒక సంతకం పెట్టి వెళ్లాల్సింది" అని కౌంటర్లో కూర్చున్న పెద్దమనిషి అందరి ముందు దానికి సుద్దులు చెప్పారు. అది తలవంచుకుని బయటికి వచ్చేసింది. నాకు మాత్రం ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

ముందే తెలియడమంటే మా ఇంట్లో ఎలా ఉంటుందో ఆ పెద్దమనిషికి చెప్పాలి. సాయంత్రం ఫోను వచ్చింది, తెల్లవారేలోగా మా మరిది ఓడలో ఉండాలి. తీగ మీద తడి ఆరని యూనిఫాంను మా చెల్లెలు ఇస్త్రీ పెట్టెతోనే ఆరబెట్టింది. ఆయన వంటింటి గోడకున్న క్యాలెండర్‌ను తిప్పి, దాని వెనక బండి లోను ఏ తేదీన కట్ అవుతుందో, గ్యాస్ ఏ ఫోను నంబరు మీద బుక్ చేయాలో, ఇన్సూరెన్స్ ఎప్పుడు అయిపోతుందో నిలబడే రాశారు. అందులో టీసీ సంగతి లేదు, ఎందుకంటే ఇల్లు ఖాళీ చేయమని యజమాని చెప్పింది ఆయన వెళ్లిన తరువాత. రేపు ఏం అవసరమొస్తుందో ఊహించి, అన్నిటికీ ముందే సంతకాలు పెట్టి వెళ్లడం ఏ మనిషికి సాధ్యం?

కొన్ని ప్రయాణాలకు వ్యవధి ఉంటుంది, కాదనను. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షణకు దక్షిణ సూడాన్‌కో, కాంగోకో, లెబనాన్‌కో వెళ్లే మన సైనికులు ముందుగా శిక్షణ పొంది, ఏడాది పాటు అక్కడ ఉండాలని తెలిసే బయలుదేరుతారు. విదేశీ నౌకాదళాలతో విన్యాసాలకు వెళ్లే ఓడలకు కూడా ఒక ప్రణాళిక ఉంటుంది. కానీ భూకంపం క్యాలెండర్ చూసుకుని రాదు. 2025 మార్చి 28న మయన్మార్‌లో భూమి కంపిస్తే, మర్నాడే మన తూర్పు నౌకాదళ కమాండ్‌కు చెందిన సాత్పురా, సావిత్రి నౌకలు సహాయ సామగ్రితో యాంగోన్‌కు బయలుదేరాయి. ఆ ఓడల్లో వెళ్లిన ఎన్ని ఇళ్లవాళ్లకు బడి కౌంటర్లకు వెళ్లి రావడానికి తీరిక దొరికి ఉంటుంది? 2015లో సుమిత్ర నౌక వెళ్లింది సముద్రపు దొంగల మీద నిఘాకు. యెమెన్‌లో యుద్ధం ముదరడంతో దాన్ని ఏడెన్‌కు మళ్లించారు, మార్చి 31న అది ఆ రేవు నుంచి 349 మందిని ఎక్కించుకుని జిబూటీకి చేర్చింది. ఇంట్లో చెప్పి వెళ్లిన పని ఒకటైతే, నడిసముద్రంలో అందిన ఆదేశం మరొకటి. అలాంటప్పుడు తిరిగి వచ్చే తేదీని ఎవరు రాసిస్తారు, ఏ ముద్ర వేసిస్తారు? 2020 మే నెలలో, కరోనాకు భయపడి మనం గుమ్మం దాటని రోజుల్లో, విశాఖ కేంద్రంగా పనిచేసే జలాశ్వ నౌక మాల్దీవుల నుంచి 698 మందిని కొచ్చికి తెచ్చినప్పుడు ఈ ఊరంతా గర్వపడింది. ఆ గర్వం మనవాళ్ల భార్యాబిడ్డలు కౌంటర్ల ముందు నిలబడినప్పుడు ఎందుకు గుర్తుకు రాదు?

ఏ దేశానికి వెళ్లారో చెప్పమని విశాఖపట్నంలో అడగడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు విమానవాహక నౌక విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువును నమ్మించి, ఆ నౌకను గుట్టుగా అండమాన్ వైపు తరలించారు. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి వేళ మన రేవు బయటే మునిగిపోయింది. ఓడ కదలికల గురించి నోరు మెదపకపోవడం ఎంత విలువైనదో ఈ ఊరికి మరొకరు నేర్పనవసరం లేదు. పిల్లలను బస్సుల్లో ఆర్కే బీచ్‌కు తీసుకువెళ్లి కురుసుర జలాంతర్గామినీ, విక్టరీ ఎట్ సీ స్మారకాన్నీ చూపించే బడులే, ఆ పిల్లల తల్లిని నలుగురి ముందూ నిలబెట్టి మీ ఆయన ఓడ ఎక్కడుందని అడుగుతున్నాయి. ఆ సంగతి చెప్పకపోతే మా చెల్లెల్ని అబద్ధాలకోరును చూసినట్టు చూశారు. నేను కూడా ఇక్కడ ఆ ఓడ పేరు రాయను.

ఈ కోపం నాకు ఇవాళ కొత్తగా వచ్చింది కాదు. మా పెదనాన్న సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్‌లో జవానుగా పనిచేశారు. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే శాంతి ఒప్పందం మీద సంతకాలు చేస్తే, మర్నాటి నుంచే ఆ డివిజన్ సైనికులు జాఫ్నాలో దిగసాగారు. శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్లో పెద్దమ్మకు ఆ సంగతి పక్కింటివాళ్లు రేడియోలో విని చెబితే తెలిసింది. పెదనాన్న చేతిరాత చాలా రోజులకు గానీ ఆమె కళ్లపడలేదు. శాంతిని కాపాడడానికని వెళ్లినవాళ్లు అక్టోబరు నాటికి తమిళ పులులతో యుద్ధంలో చిక్కుకున్నారు, ఆఖరి దళాలు తిరిగి వచ్చేసరికి 1990 మార్చి అయింది. ఆ మధ్యలో పెద్దమ్మ పంట రుణం కోసం వెళితే, పొలం ఆయన పేరున ఉంది కాబట్టి ఆయనే వచ్చి సంతకం పెట్టాలన్నారు. ఎన్నిసార్లు తిరిగినా అదే మాట. అదునుకు డబ్బు అందక ఆ ఏడాది మా మళ్లు బీడు పడ్డాయి. ఆనాటి ఆ జవాబునే ఇవాళ మా చెల్లెలు మళ్లీ విన్నది.

చట్టానికి ఉన్న ఇంగితం ఈ కౌంటర్లకు లేదు. యుద్ధ పరిస్థితుల్లోనో, ప్రత్యేక పరిస్థితుల్లోనో విధి నిర్వహణలో ఉన్న సైనికుడు కోర్టుకు రాలేకపోతే అతనిపై ఉన్న సివిల్ కేసును ఆపి ఉంచడానికి 1925లోనే, ఆంగ్లేయుల హయాంలోనే చట్టం వచ్చింది. సైనికుడి బదులు అతను నియమించిన మనిషి పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఓటు వేయవచ్చని 2003లో మన పార్లమెంటు ఒప్పుకుంది. దేశాన్ని ఎవరు పాలించాలో నిర్ణయించే ఓటునే మరొకరు వేయగలిగినప్పుడు, రెండో తరగతి పిల్లవాడి టీసీ మీద కన్నతల్లి సంతకం ఎందుకు చెల్లదు?

అత్యవసరంగా కదిలే ఓడకు వ్యవధి ఇవ్వమని నేను అడగడం లేదు, దాన్ని నమ్ముకుని అవతల ప్రాణాలు ఎదురుచూస్తుంటాయి. అడగాల్సింది ఒడ్డున ఉన్న మనల్ని. మల్కాపురం, సింధియా, గాజువాక, నేవల్ డాక్‌యార్డు చుట్టుపక్కల బడులు నడిపేవాళ్లు, బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు, ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లు ఈ పోస్టు చదువుతుంటే, మీ దరఖాస్తుల్లో "తండ్రి సంతకం" అని ఉన్నచోట "తల్లి లేదా తండ్రి సంతకం" అని మార్చండి. విధుల్లో ఉన్నారని యూనిట్ ఇచ్చే కాగితం తెస్తే తీసుకోండి, అందులో దేశం పేరు, తేదీ వెతకకండి. సోమవారం మేము ఆ కాగితంతోనే ఆ బడికి మళ్లీ వెళుతున్నాం. ఈసారి ప్రిన్సిపాల్ గదిలోకే వెళ్లి, టీసీ చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలం.