మామగారి కాలు

కారు బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర కూర్చుని నిపుల్, అంటే గాలి బయటికి వదిలే చిన్న మర, విప్పాలి. తొక్కేది మామగారైతే సగం పొద్దు మర్యాదలకే సరిపోతుంది.

మా మామగారు ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. మా పాత మారుతి 800 పెడల్ మెత్తగా కిందికి దిగిపోతోంది, లైన్లో గాలి చేరింది, తీసేద్దామన్నాను.

"గాలి తీసేస్తే బ్రేకెలా పడుతుంది అల్లుడుగారూ? మేం గాలి ఎక్కందే బస్సే తీసేవాళ్లం కాదు!"

ఆయన మాటా నిజమే. బస్సుకి కంప్రెసర్ నింపిన గాలే బలం. కారులో ఆ పని ఆయిల్‌ది. ఆయిల్ నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. మన కాలి బలమంతా బుడగల పాలవుతుంది. ఇదంతా చెప్తే, "సరే, మీ కారు మీ ఇష్టం" అని సీట్లో కూర్చున్నారు.

జాకీని నమ్ముకోకుండా స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం వేశాను. పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌కి దూరం కాబట్టి వెనక ఎడమ చక్రంతో మొదలు. నిపుల్‌కి సన్నటి ట్యూబు తగిలించి, రెండో కొసని ఆయిల్ పోసిన సీసాలో ముంచాను. ఆయన తొక్కి పట్టాలి, నేను పావు చుట్టు విప్పి మళ్లీ బిగించాలి, "తీయండి" అన్నాకే ఆయన కాలు తీయాలి. ఒప్పందం ఇంతే.

ట్యూబులో ఆవగింజల్లా బుడగలు బయల్దేరాయి. నిపుల్ ఇంకా విప్పే ఉంది. సరిగ్గా అప్పుడే వీధిలోంచి "నమస్తే అన్నా!" అని కేక. మామగారి పాత కండక్టర్. పెద్దమనిషి కూర్చునే నమస్కారం పెడతారా? కాలు తీసి, దిగి, రెండు చేతులూ జోడించారు. పోయిన గాలి మర సందుల్లోంచి మళ్లీ లోపలికి. ఒప్పందం గుర్తొచ్చి ఆయన ఒక్క గెంతులో సీటెక్కి, బస్సు బ్రేకు తొక్కినట్టే తొక్కారు. ట్యూబు ఊడి ఆయిల్ నా మొహాన, కారు రంగు మీద. కళ్లద్దాలు ఉండబట్టి బతికిపోయాను. రంగుని తినేసేలోపు రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించాం, ఒకటి కారుకి, ఒకటి నాకు.

అక్కణ్నుంచి ఆయన మాట తప్పలేదు. నాలుగు చక్రాలూ అయ్యాయి, పెడల్ గట్టిపడింది. నేను చేతులు కడుక్కుని కాఫీ తాగుతుంటే అత్తగారు వచ్చి అడిగారు.

"మీ మామయ్య దిగరేమిటి బాబూ? అల్లుడుగారు ఇంకా తీయమనలేదు అంటున్నారు!"