కేబుల్స్ కలిపి పట్టుకుంటే బ్యాటరీ సెన్సార్ రీసెట్ అవ్వదండీ

"బ్యాటరీ తీసి పెట్టాక స్టార్ట్-స్టాప్ రావట్లేదంటే సెన్సార్ చెడినట్టే, ప్లస్ మైనస్ కేబుల్స్ ఊడదీసి 15 నిమిషాలు కలిపి పట్టుకోండి, రీసెట్ అయిపోద్ది, కొత్త బ్యాటరీకీ ఇదే మందు." ఈ మెసేజ్ నాకు ఇప్పటికి నలుగురు పంపారు. (స్టార్ట్-స్టాప్ అంటే సిగ్నల్ దగ్గర బండి ఆగితే ఇంజిన్ దానంతటదే ఆగి, కదిలేటప్పుడు మళ్లీ స్టార్ట్ అవడం.)

ముందు కేబుల్స్ సంగతి. సెన్సార్ అంటే మైనస్ క్లాంప్ మీద ఉండే చిన్న డబ్బా, ఓ సన్నటి వైరు వేలాడుతుంటది చూడండి, అదే. వచ్చే కరెంటు, పోయే కరెంటు, వోల్టేజీ, వేడి కొలిచి బ్యాటరీలో ఎంత ఛార్జ్ ఉందో లెక్క కడతా ఉంటది. బ్యాటరీ పీకగానే దానికి పవరే లేదు, లెక్క అప్పుడే తెగిపోయింది, ఇంక మీరు కేబుల్స్ కలిపి రీసెట్ చేసేదేముంది? బండి ఎలక్ట్రానిక్స్‌లో కాస్త కరెంటు దాచుకునే కెపాసిటర్లలో మిగిలిన ఛార్జ్ దిగుద్ది, అంతే. పైగా కొన్ని కార్లలో రెండో చిన్న బ్యాటరీ ఉంటది, అది తగిలించి ఉండగా ఈ పని చేస్తే నేరుగా షార్టే.

స్టార్ట్-స్టాప్ రాకపోవడం అసలు రోగమే కాదు. ఛార్జ్ ఎంతుందో తెలీకుండా సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపేస్తే మళ్లీ స్టార్ట్ అవుద్దో లేదో అని బండి జాగ్రత్త పడుతోంది. దానికి కావాల్సింది నిద్ర. లాక్ చేసి కొన్ని గంటలు ముట్టుకోకుండా వదిలేస్తే (ఫోర్డ్ వాళ్లు 8 గంటలంటారు) వాడకం లేనప్పటి బ్యాటరీ వోల్టేజీ సెన్సార్ చూసుకుని, 12.6 వోల్టుల దాకా ఉంటే దాదాపు ఫుల్, 12.2 అయితే దాదాపు సగం, అలా మళ్లీ లెక్క మొదలెడుద్ది. నేనైతే మొదటిసారి గంటకోసారి డోర్ తీసి చూశా, తీసిన ప్రతిసారీ బండి మేలుకునేది, రెండు రోజులు అలాగే పోయాయి, విసుగొచ్చి రాత్రంతా వదిలేస్తే మర్నాడు దానంతటదే వచ్చింది.

కొత్త బ్యాటరీకి ఇదే మందంటే ఇంకా తప్పు. పాత బ్యాటరీ ఎంత ముసలిదైందో చాలా కార్లలో కంట్రోల్ యూనిట్ (బండిలోని కంప్యూటర్) మెమరీలో ఉంటది, కరెంటు తీసినా చెరగదు. బీఎండబ్ల్యూ లాంటి వాటిలో బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ పెట్టి కొత్తది రిజిస్టర్ చేయాల్సిందే, లేకపోతే కొత్తదాన్ని కూడా ముసలిదనుకునే ఛార్జ్ చేస్తది.

ఇంకోటి, ఛార్జర్ పెట్టేటప్పుడు నల్ల క్లిప్పు బ్యాటరీ మైనస్ పోస్ట్ మీద కాదు, బండి బాడీకి ఉండే ఎర్త్ పాయింట్‌కి. పోస్ట్ మీదే పెడితే ఎక్కిన ఛార్జ్ సెన్సార్ కంట పడదు, బ్యాటరీ నిండినా బండి మాత్రం ఇంకా ఖాళీ అనే అనుకుంటది.