మా బాత్రూంలో గోడకు వేలాడే గీజరు గారికి

మహారాజశ్రీ గీజరు గారి సముఖమునకు,

తిరుపతి నుంచి మీ ఇంటి యజమాని నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే ధైర్యం లేదు. తమరి కుశలం ఏపాటిదో మొన్న మెకానిక్ మూత ఊడదీసినప్పుడు కళ్ళారా చూశాను.

అయినా ముందు నా కోపం చెప్పుకోనివ్వండి. తిరుపతిలో ఇల్లు కట్టుకున్నవాడికి చుట్టాలకు కరువుండదు. మా పెళ్ళికి రాని పెద్దమనిషి కూడా "దర్శనానికొస్తున్నాం, హోటల్లో దిగుతాంలే" అని ఫోన్ చేస్తాడు. "మా ఇల్లుండగా హోటలేంటండీ" అని నేననేదాకా ఫోన్ పెట్టడు. అలా ఈ ధనుర్మాసంలో ఒకేసారి పదకొండు మంది దిగారు. తెల్లవారుజామునే అలిపిరి దగ్గర మెట్లెక్కాలట. 3550 మెట్లు. తలస్నానం చేయకుండా మొదటి మెట్టు మీద కాలు పెట్టరు.

మీరు 15 లీటర్ల వారు, 2000 వాట్ల వారు. పాతిక డిగ్రీల నీళ్ళు 60 డిగ్రీలకు కాగడానికి లెక్క ప్రకారం 18 నిమిషాలు చాలు. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడన్నారు కాబట్టి వాటిని 40 డిగ్రీలకు కలుపుకుంటే 35 లీటర్లు, అంటే దాదాపు రెండు బకెట్లు. పదకొండు మందికి ఆరు విడతలు, రెండు గంటలలోపు పని. అందుకే రాత్రి ఒంటిగంటకే స్విచ్చి వేశాను. తమరేమో ఒక్కో విడతకు నలభై నిమిషాలు తీసుకున్నారు. పైగా లోపల ఎవరో శనగలు వేయిస్తున్నట్టు చిటపటలు! మూడో బకెట్ దగ్గర మామయ్యగారు బాత్రూం తలుపు సందులోంచి "అల్లుడూ, ఇవి వేణ్ణీళ్ళా, తీర్థమా?" అని అడిగారు. పదకొండు మంది ముందు నా పరువు గోరువెచ్చగా పోయింది. కొండ దిగొచ్చాక మళ్ళీ స్నానాలు. గుండు చేయించుకున్నవాళ్ళకు షాంపూ మిగిలింది తప్ప నీళ్ళేం మిగల్లేదు.

మా ఆవిడ సంగతంటారా, ఆమె ఎప్పుడూ ఆఖర్న, మిగిలిన నీళ్ళతోనే పోసుకుంటుంది. అవి చన్నీళ్ళేనని నాకు తెలుసు. ఆమె అడగలేదు, నేనూ ఎత్తలేదు.

చుట్టాలు వెళ్ళాక మెకానిక్‌ను పిలిచాను. ప్లగ్ పీకి, నీళ్ళు దించేసి, కింది బోల్టులు విప్పాడు. బకెట్ పెట్టేలోపే తెల్లటి పెచ్చులు జలజలా రాలాయి. సున్నం కొట్టిన పాత గోడ కూలినట్టుంది. అన్నీ ఎత్తితే అర బకెట్ అయ్యాయి. దాని వెనకాల బయటికొచ్చిన, నీళ్ళు కాచే ఎలిమెంటు, పిండిలో ముంచి నూనెలో వేయడం మరిచిపోయిన బజ్జీలా ఉంది.

"ఏం సార్, దీన్ని ఎప్పుడన్నా ఊడదీసినారా?" అన్నాడు.

"ఆరేళ్ళుగా బాగానే పనిచేస్తోంది కదా" అన్నాను.

అతను నా మొహం చూసి నవ్వు ఆపుకున్నాడు. మా ఇంట్లో కొళాయి నీళ్ళు వంటకు, బోరు నీళ్ళు తమరికి. బోరు నీళ్ళలోని సున్నం వేడి తగిలేకొద్దీ ఎలిమెంటుకు పట్టేస్తుందట. ముందు ఆ పెంకు కాగాలి, తర్వాత నీళ్ళు. కాబట్టి ఇన్నాళ్ళూ నేను కట్టిన కరెంటు బిల్లులో కొంత ఆ రాయిని వెచ్చబెట్టడానికే పోయింది.

తర్వాత ఒక సన్నటి ఇనప తీగ తీసి నా చేతిలో పెట్టాడు. కుల్ఫీ అంతా కరిగిపోయాక మిగిలే పుల్లలా ఉంది. ఇదేంటన్నాను. "మెగ్నీషియం రాడ్ సార్. అంటే, ఉండె. ట్యాంకు తుప్పు పట్టకుండా ముందుగా ఇది అరిగిపోతాది. మీ బోరు నీళ్ళకు ఏడాదికోసారి చూసుకోవాల."

మా నాయనమ్మ నీళ్ళు కాచే రాగి అండాకు శుక్రవారం శుక్రవారం చింతపండు భోగం జరిగేది. లోపల చేయి పెట్టి, అడుగు మెరిసేదాకా తోమేది. తమరికి దీపావళికి ఒక తడిగుడ్డ, అదీ బయట కనిపించే భాగానికే. తెల్లగా, గుండ్రంగా, ముద్దుగా ఉన్నారు కదా, లోపలేముంటుందిలే అనుకున్నాం.

ఇంకో నేరం కూడా ఒప్పుకుంటాను. తమరి పక్కనున్న వాల్వు చుక్కచుక్కగా కారుతోందని, నీళ్ళు వృథా ఎందుకని, దాని నోట్లో గుడ్డముక్క కుక్కి తాడుతో బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. మెకానిక్ అది చూసి రెండడుగులు వెనక్కేశాడు. "సార్, ప్రెషర్ ఎక్కువైతే బయటికి వదలడానికే అది ఉండేది. మూసేస్తే ట్యాంకు పగులుతాది." ఆ పదకొండు మంది భక్తులను బాంబు కింద నిలబెట్టి స్నానం చేయించానన్నమాట. తమరు పేలకపోవడం తమరి మంచితనం. ఈ ఒక్క విషయంలో ఏడుకొండలవాడికి కూడా వాటా ఇస్తాను.

ఎలిమెంటును నిమ్మఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టాడు. అది నురగలు కక్కి నల్లగా తేలింది. కొత్త రాడ్డు, కొత్త వాషరు, కొత్త వాల్వు వేశాడు. నీళ్ళు ఎంత వేడెక్కాక ఆగాలో చూసే థర్మోస్టాటును 75 డిగ్రీల నుంచి 60కి దించాడు. వేడి తగ్గితే సున్నం తక్కువ పడుతుందట. అతనికిచ్చిన డబ్బుకు నేను గొణిగిన మాట తమరి చెవిన పడి ఉంటే క్షమించండి.

మర్నాడు మామూలుగానే అందరి స్నానాలూ అయ్యాక మా ఆవిడ వెళ్ళింది. రెండు నిమిషాలకు లోపలి నుంచి కేక.

"ఏమండీ! ఆ మెకానిక్ ఏదో తప్పు చేసినట్టున్నాడు. నాక్కూడా వేణ్ణీళ్ళొస్తున్నాయి!"

ఇట్లు,
తమ విధేయుడు,
సంక్రాంతికి మళ్ళీ తొమ్మిది మంది వస్తున్నారని ఎలా చెప్పాలో తెలియనివాడు