జీరో చూపిస్తారు, సరుకు చెప్పరు

బంకులో బండి ఆపగానే వినిపించే మొదటి మాట 'జీరో చూసుకోండి సార్'. కొలతల్లో దెబ్బతిని దెబ్బతిని జనం నేర్చుకున్న జాగ్రత్త అది. అనుమానముంటే అయిదు లీటర్ల కొలపాత్రలో పోయించి చూసుకోవచ్చు. కల్తీ ఉందేమోనని ఫిల్టరు కాగితం అడిగి, దాని మీద చుక్క వేయించి, మరక మిగిలిందో లేదో చూడవచ్చు. ఆనాటి సాంద్రత ఎంతో అక్కడే కనబడాలి. ఇవన్నీ కొనేవాడికి ఉన్న హక్కులు. ఇన్ని హక్కులున్న మనిషికి, తన ట్యాంకులో పడుతున్నదాంట్లో అయిదో వంతు పెట్రోలే కాదన్న సంగతి మాత్రం చాలా బంకుల్లో ఎక్కడా రాసి ఉండదు. నాజిల్ మీద ఉండదు, ధరల బోర్డు మీద ఉండదు, చేతికిచ్చే బిల్లు మీదా ఉండదు. 'ఇది ఇథనాల్ కలిసిన పెట్రోలు, ట్యాంకులోకి నీరు పోకుండా చూసుకోండి' అని కొందరు డీలర్లు సొంతంగా బోర్డులు పెట్టుకున్నారు. ఆ పాటి మాటైనా మిగతాచోట్ల కరవు.

ఇప్పుడు దేశమంతటా అమ్ముతున్నది ఈ-20. అంటే నూటికి ఎనభై పాళ్లు పెట్రోలు, ఇరవై పాళ్లు ఇథనాల్ (చెరకు, మొక్కజొన్న లాంటి పంటల నుంచి తీసే ఆల్కహాల్). 2014లో ఈ కలయిక ఒకటిన్నర శాతం. 2030 నాటికి చేరాలనుకున్న 20 శాతాన్ని కేంద్రం 2025-26కు ముందుకు జరిపింది. 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ఈ-20 అమ్మకం ప్రారంభించి, 2025 కల్లా ఊరూరా చేర్చింది. ఈ విధానాన్ని మేం తప్పుపట్టడం లేదు. ముడిచమురులో సింహభాగం బయటి నుంచే తెచ్చుకునే దేశం మనది. 2014 నుంచి పదకొండేళ్లలో రూ.1.44 లక్షల కోట్లకు పైగా విదేశీ మారకద్రవ్యం మిగిలిందని పెట్రోలియం శాఖ చెబుతోంది. మొక్కజొన్న పండించే మన రైతుకు కొత్త కొనుగోలుదారు దొరికాడు. ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దంటూ తెలంగాణలోని దిలావర్‌పూర్‌లో, చిత్తనూరులో, పెద్ద ధన్వాడలో రోడ్డెక్కిన పల్లెల గోడు ఇంకో పెద్ద సంగతి, దానికి విడిగా సంపాదకీయమే కావాలి. ఈ రోజు మేం మాట్లాడుతున్నది బండి యజమాని గురించి. పాత బండి యజమాని గురించి.

లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఆక్టేన్ (ఇంజిన్ కొట్టుకోకుండా మండే గుణం) ఎక్కువే, కానీ ఆ లాభం అందుకోవాలంటే ఇంజిన్ దానికి తగ్గట్టు తయారై ఉండాలి. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ విడుదల చేసిన నివేదికే ఈ లెక్క చెప్పింది: అచ్చమైన పెట్రోలు కోసం తయారై 10 శాతం ఇథనాల్‌కు సర్దుబాటు చేసిన కార్లు ఈ-20 మీద నడిస్తే మైలేజీ 6 నుంచి 7 శాతం పడిపోతుంది, ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణలో, ఈ-20కి సర్దిన కార్లకు 1 నుంచి 2 శాతం, మిగతావాటికి 3 నుంచి 6 శాతం అని ఉంది. రెండు లెక్కల్లోనూ ఉన్న 6 శాతమే తీసుకుందాం. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు 17కు కాస్త తక్కువ ఇస్తుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంటికి మూడున్నర లీటర్లు అదనం. హైదరాబాద్‌లో 2025లో ఉన్న లీటరు రూ.107 ధర చొప్పున చూస్తే నెలకు రూ.380 దాకా, ఏడాదికి రూ.4,500 పైమాటే. కొత్త కారు కొనే స్తోమతున్నవారికి ఇది లెక్కలోకి రాకపోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2012 మోడల్ కారును పిల్లల బడికీ, ఆసుపత్రికీ, ఊరికీ వాడుకునే కుటుంబానికి అది ఒక నెల పెట్రోలు ఖర్చులో దాదాపు ముప్పాతిక వంతు.

ఖర్చు మైలేజీతో ఆగదు. విజయవాడ ఆటోనగర్‌లో ఓ షెడ్డుకు మా ప్రతినిధి వెళ్లినప్పుడు మెకానిక్ ఒక పాత కారు పెట్రోలు పైపు విప్పి చేతిలో పెట్టాడు. బయటికి నల్లగా నిగనిగలాడుతోంది. కొనలో వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయింది. నిలువునా కోసి చూపిస్తే లోపలి గోడ ఉబ్బి, పొరలు లేచి, గోటికి నల్లటి పొడి అంటింది. 'ఈ పొడే ఫిల్టరులోకి పోతుందండీ, ఫిల్టరు మూసుకుంటే ఎక్కుడులో బండి గింజుకుంటుంది' అన్నాడు. పదేళ్లు దాటిన రబ్బరు ఇంజిన్ వేడికి కూడా అలా అవుతుంది, ఆ ఒక్క పైపును చూసి ఇథనాలే కారణమని తేల్చడం న్యాయం కాదు. అయితే పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే ఒప్పుకొంది. అది చవకైన పని, సర్వీసింగ్‌లో అయిపోతుంది అని కూడా అంది. చవకే కావచ్చు. మార్చుకోవాలన్న సంగతి యజమానికి ఎవరు చెప్పారు? ఏ బంకు చెప్పింది? ఏ ఉత్తరం వచ్చింది? పెట్రోలు పైపు మెత్తబడి కారడమంటే వేడెక్కిన ఇంజిన్ మీద పెట్రోలు పడటం. దాన్ని చిన్న విషయమని ఎవరూ కొట్టిపారేయలేరు.

మన రోడ్డు చట్టం ఈ విషయంలో యజమాని నుంచి ఏం కోరుతుందో చూడండి. తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. పెట్రోలు కారుకు సీఎన్‌జీ పెట్టించుకోవాలంటే ఆమోదం పొందిన కిట్టే బిగించాలి. ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి ఆర్‌సీలో ఇంధనం గడి మార్పించుకోవాలి. సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో పరీక్ష (నీటి ఒత్తిడితో గట్టిదనం చూసే పరీక్ష) చేయించాలి. ఇవి చేయకుండా రోడ్డెక్కితే జరిమానా తప్పదు, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెడుతుంది. ఈ నిబంధనలన్నీ సబబే, వాటి వల్ల ప్రాణాలు నిలుస్తాయి. కానీ యజమాని తన బండి ఇంధనం మార్చుకుంటే ప్రభుత్వానికి చెప్పి తీరాలన్నప్పుడు, ప్రభుత్వం ఆ బండి ఇంధనం మారిస్తే యజమానికి చెప్పాలా, వద్దా?

చెప్పే పద్ధతి సగం ఇప్పటికే ఉంది. బండి ఎంత శాతం ఇథనాల్‌కు సరిపోతుందో తయారీదారు తేల్చి, స్పష్టంగా కనబడేలా స్టిక్కరు అంటించాలని 2021 మార్చిలోనే కేంద్ర రవాణా శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. కొత్త కార్లలో పెట్రోలు మూత తెరిస్తే 'ఈ-20' అని కనబడేది అందుకే. తాళం చెవి మీద నంబరు వేసి తాళం మీద వేయకపోతే ఎలా? బండి మీద గుర్తుండాలన్న రూలు ఉన్నప్పుడు నాజిల్ మీద గుర్తు ఉండి తీరాలి. మైలేజీ లెక్క చెప్పిన ఆ నివేదికలోనే నీతి ఆయోగ్ మరో మాట కూడా చెప్పింది: పాత బండ్లకు రక్షణగా 10 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా దొరికేలా చూడాలి అని. 20 శాతం లక్ష్యాన్ని అయిదేళ్లు ముందుకు జరిపినవారు ఈ సూచనను మాత్రం పక్కన పెట్టేశారు.

బ్రిటన్ ఈ పని ఎలా చేసిందో చూడటం మంచిది. 2021 సెప్టెంబరులో అక్కడ మామూలు పెట్రోలులో ఇథనాల్‌ను 5 నుంచి 10 శాతానికి పెంచారు. బండి వివరాలు నమోదు చేస్తే సరిపోతుందో లేదో చెప్పే వెబ్‌సైటును ప్రభుత్వమే పెట్టింది. నాజిల్ మీద గుండ్రటి గుర్తులో శాతం రాయించింది. సరిపోని పాత బండ్ల కోసం సూపర్ గ్రేడు పెట్రోలును 5 శాతంలోనే ఉంచింది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు పంపు మీది నారింజ రంగు స్టిక్కరు తెలిసే ఉంటుంది: 15 శాతం ఇథనాల్ పెట్రోలు 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకు మాత్రమేనని, మిగతావాటిలో పోస్తే చెడిపోవచ్చని, చట్టరీత్యా నిషిద్ధమని దాని మీద ఉంటుంది. ఇక మన పాలకులు తరచూ చెప్పే బ్రెజిల్. 2025 ఆగస్టు 1 నుంచి ఆ దేశం 30 శాతానికి వెళ్లిన మాట నిజమే. కానీ అక్కడ 2003 నుంచి ఏ పాళ్లలో పోసినా నడిచే ఫ్లెక్స్ ఇంజిన్ కార్లు అమ్ముడవుతున్నాయి. పెట్రోలు నాజిల్ పక్కనే ఇథనాల్ నాజిల్ ఉంటుంది. ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటే ఇథనాల్, దాటితే పెట్రోలు అన్నది అక్కడ బండి నడిపేవాళ్లందరికీ తెలిసిన లెక్క. బ్రెజిల్ శాతాన్ని తెచ్చుకున్నాం, బ్రెజిల్ యజమానికున్న ఎంపికను తెచ్చుకోలేదు.

ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని, బంకుల్లో శాతం రాయించాలని కోరుతూ వేసిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. విధాన నిర్ణయం ప్రభుత్వానిది. కోర్టు ఆదేశించకపోతే మాత్రం నాజిల్ మీద రెండు అక్షరాలు రాయడానికి ప్రభుత్వానికి అడ్డేముంది? వారంటీని గౌరవిస్తామని వాహన తయారీదార్ల సంఘం సియామ్ చెప్పింది, బీమాకు ఢోకా లేదని ప్రభుత్వం చెప్పింది. సంతోషం. వారంటీ ఎప్పుడో అయిపోయిన బండికి ఆ హామీతో ఒరిగేది లేదు, అసలు సమస్య ఆ బండిదే.

'కావాలంటే ప్రీమియం పోయించుకోండి' అనేవారున్నారు. 95 ఆక్టేన్ పేరుతో అమ్మేవీ ఇథనాల్ కలిసినవే. కలపనిదిగా పేరున్న 100 ఆక్టేన్ పెట్రోలు పెద్ద నగరాల్లో కొద్ది బంకుల్లోనే దొరుకుతుంది, 2025లో లీటరు రూ.160 ప్రాంతంలో ఉండేది. ఖరీదైన బైకుల కోసం ఉద్దేశించిన ఇంధనాన్ని మారుతీ 800 యజమానికి దారిగా చూపడం భావ్యం కాదు. కొత్త బండి కొనేవారికి దారులున్నాయి: 2025 సెప్టెంబరు నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, విద్యుత్ వాహనాలకు తెలంగాణ 2024 నవంబరులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము ఎత్తేసింది. పాత బండినే నడుపుకోవాల్సినవారికి ఒకటే నాజిల్.

ధర సంగతీ తేలాలి. మైలేజీ తగ్గుతుంది కాబట్టి ఈ-20 చవగ్గా ఉండాలని నీతి ఆయోగ్ అప్పుడే సూచించింది. 2025 జూలై నాటికి ఇథనాల్ సేకరణ ధరే సగటున లీటరు రూ.71.32కు చేరింది, తగ్గించలేం అంది పెట్రోలియం శాఖ. రైతుకు మంచి ధర ఇవ్వాల్సిందే. దాని భారం మోయాల్సింది విధానం పెట్టిన ఖజానానా, పాత స్కూటరు మీద తిరిగే చిరుద్యోగా? ఈ ప్రశ్న రెండు రాష్ట్ర ప్రభుత్వాలకు కూడా వేయాలి. పెట్రోలు మీద తెలంగాణ వ్యాట్ 35.20 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, దానికి తోడు లీటరుకు రూ.4 అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు. మైలేజీ తగ్గితే జనం కొనే లీటర్లు పెరుగుతాయి, లీటరు లీటరుకూ వ్యాట్ పెరుగుతుంది. బండి తక్కువ దూరం నడిచినందుకు రాష్ట్ర ఖజానాకు రాబడి పెరగడం ఏ లెక్కన చూసినా తప్పు. ఆ అదనపు రాబడి మేరకైనా వ్యాట్ తగ్గించాలి.

ఈలోగా బండిని ప్రాణంలా చూసుకునే మా పాఠకులకు ఒక మాట. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. హద్దు దాటితే నీరూ ఇథనాల్ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి, ఇంజిన్‌కు పెట్రోలు లాగేదీ అడుగు నుంచే. కాబట్టి వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో, సగం ట్యాంకుతో బండిని నెలల తరబడి మూల పెట్టకండి. మూత రబ్బరు పగిలితే వెంటనే మార్చండి. ఆర్‌ఎక్స్ 100 లాంటి కార్బొరేటరు బండి ఎక్కువ రోజులు తీయరనుకుంటే కార్బొరేటరులో పెట్రోలు ఖాళీ చేసి పెట్టండి. ప్రతి సర్వీసింగ్‌లో పెట్రోలు పైపులు విప్పి చూడమని మెకానిక్‌ను అడగండి, మార్చేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే పైపే వేయించండి. పెట్రోలులో నీళ్లు పోసి ఇథనాల్ వేరుచేసే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. దయచేసి ఇంట్లో ఆ పని చేయకండి. నిప్పుతో చెలగాటం అది. పైగా మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ పడిపోయి ఇంజిన్ కొట్టుకోవడం మొదలవుతుంది.

27 శాతం ఇథనాల్ గురించి ఢిల్లీలో అప్పుడే మాటలు వినిపిస్తున్నాయి. ఆ అడుగు వేసేముందు పెట్రోలియం శాఖ మూడు పనులు చేయాలని మేం కోరుతున్నాం. ప్రతి నాజిల్ మీద, ప్రతి బిల్లు మీద ఇథనాల్ శాతం తెలుగుతో సహా స్థానిక భాషల్లో ఉండాలి. ఆర్‌సీ నంబరు కొడితే బండి ఎంత శాతానికి సరిపోతుందో, ఏ భాగాలు మార్చుకోవాలో తెలియాలి. ఆ సమాచారం తయారీదార్ల దగ్గర ఉంది, ఆర్‌సీ వివరాలు రవాణా శాఖ దగ్గర ఉన్నాయి, రెండూ కలపడమే మిగిలింది. ప్రతి మండల కేంద్రంలో ఒక బంకులోనైనా 10 శాతం ఇథనాల్ పెట్రోలు అదే ధరకు దొరకాలి. మొదటి పనికైతే ఢిల్లీ దాకా కూడా పోనక్కర్లేదు. తూనికలు కొలతల శాఖ, పౌర సరఫరాల శాఖ అధికారులు బంకుల తనిఖీకి వెళుతూనే ఉంటారు. కొలపాత్ర, సాంద్రత చూసేటప్పుడే శాతం బోర్డు ఉందో లేదో కూడా చూడమని హైదరాబాద్, అమరావతి సచివాలయాలు ఈ వారమే వారికి చెప్పవచ్చు.