పరదేశులకు టికెట్, ఊరివాళ్ళకు గోడౌన్

జూలైలో కొచ్చి వెళ్ళొద్దని చెప్పనివాళ్ళు లేరు. అయినా వెళ్ళాం. మూడు రోజుల్లో రెండున్నర రోజులు వానే. బీచ్ పోయింది, బోటు పోయింది, మా ఆయన మొహం చూడలేకపోయాను. "పైన కప్పున్న చోటు ఏదైనా సరే, పద" అన్నాడు చివరికి. అలా మట్టంచేరి జ్యూ టౌన్‌లో తేలాం. ఇంటికొచ్చి పది రోజులైంది, కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు.

అక్కడి పరదేశి సినగాగ్ 1568లో కట్టింది. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం. కొచ్చి రాజు తన కోట పక్కనే స్థలం ఇచ్చాడు. ఎంత పక్కనంటే, రాజుగారి గుడికీ దీనికీ మధ్య ఒక్క గోడే. గుళ్ళోకి వెళ్ళినట్టే ఇక్కడా చెప్పులు విప్పి వెళ్ళాలి. తడి కాళ్ళతో అడుగుపెట్టగానే నేల జిల్లుమంది. అన్నీ చైనా నుంచి తెచ్చిన తెలుపు, నీలం పలకలు. బొమ్మలు చేత్తో వేసినవి కాబట్టి ఏ రెండూ ఒకలా ఉండవట. నా ముందు నడుస్తున్న పాప పాదాల తడి ఆ నీలి గీతల మీద క్షణం నిలిచి ఆరిపోతోంది. పైన బెల్జియం గాజు దీపాలు, మధ్యలో ఇత్తడి కటకటాల వేదిక. బావుంది. నిజంగా బావుంది. బయట గడియారం గోపురం ఉంది, 1760 నాటిది. దాని మీద ఒక వైపు మలయాళం అంకెలు, ఒక వైపు రోమన్, ఇంకో వైపు హీబ్రూ. మా ఆయన కూడా ఫోన్ జేబులో పెట్టి చూశాడంటే అర్థం చేసుకోండి.

ఇంతలో పక్క గ్రూపు గైడు గొంతు సవరించుకుని, "మన దేశంలో యూదులకు ఏనాడూ వివక్ష అన్నదే లేదు" అని మొదలుపెట్టాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపేదాన్నే. రాత్రి నిద్ర పట్టక ఈ ఊరి చరిత్ర చదవడమే నేను చేసిన తప్పు.

ఇక్కడి రాజులు వాళ్ళని ఆదరించిన మాట నిజమే. వెయ్యేళ్ళ కిందట జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకి చేర రాజు ఇచ్చిన రాగి శాసనాలున్నాయి. 1662లో పోర్చుగీసువాళ్ళు ఈ సినగాగ్‌ని పాడుచేశారు, డచ్చివాళ్ళు వచ్చాక మళ్ళీ నిలబడింది. కాబట్టి "ఏనాడూ" అన్న మాట అక్కడే పోయింది. కానీ నా బాధ పోర్చుగీసువాళ్ళ గురించి కాదు.

పరదేశి అంటే మనకీ తెలిసిన మాటే. స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరిమేస్తే వచ్చినవాళ్ళు, తర్వాత అలెప్పో నుంచీ ఇరాక్ నుంచీ వచ్చినవాళ్ళు. వాళ్ళకంటే ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచే ఇక్కడ మలబారు యూదులున్నారు, మలయాళం మాట్లాడుతూ, మిరియాల వ్యాపారం చేసుకుంటూ. తర్వాత వచ్చినవాళ్ళు తాము తెల్లవాళ్ళమనీ, ముందు నుంచీ ఉన్నవాళ్ళు నల్లవాళ్ళనీ గీత గీశారు. తమ ఇళ్ళలోని బానిసలకి విముక్తి ఇచ్చి, యూదు మతం ఇచ్చి, వాళ్ళ పిల్లల పిల్లల్ని కూడా సినగాగ్ లోపల బల్లల మీద కూర్చోనివ్వలేదు. ముందరి గదిలో నేల మీద కూర్చోవాలి. ఒకే దేవుడు, ఒకే గ్రంథం, ఒకే ప్రార్థన, కూర్చునే చోటు మాత్రం వేరు. ఎక్కడో విన్నట్టు లేదూ?

ఆ కుటుంబాల్లోనే పుట్టాడు అబ్రహాం బరాక్ సేలం. 1882లో పుట్టి, చదువుకుని లాయరయ్యాడు. బయట కాంగ్రెస్‌లో తిరిగాడు, లోపల తన సినగాగ్‌లోనే సత్యాగ్రహానికి దిగాడు. యూదుల గాంధీ అనేవాళ్ళు ఆయన్ని. ఏళ్ళ తరబడి పట్టుబడితే ఒక్కో మెట్టూ దిగొచ్చారు. ఆయన కొడుకు తెల్ల యూదుల అమ్మాయిని చేసుకుంటానంటే, 1950లో కూడా ఆ పెళ్ళి కొచ్చిలో జరగలేదు, బొంబాయి వెళ్ళి చేసుకోవాల్సి వచ్చింది. ఇవేవీ ఆ గైడు నోట రాలేదు. చైనా పలకల ఖరీదు మాత్రం రెండుసార్లు చెప్పాడు.

మధ్యాహ్నం ఆకలి. "అసలైన యూదుల వంట" అని బోర్డు పెట్టిన ఒక చోట కూర్చున్నాం. మెనూలో మొదటి ఐటమే "జ్యూయిష్ స్పెషల్ రొయ్యలు". నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొలుసులూ రెక్కలూ ఉన్న చేపలే తప్ప యూదులు రొయ్య ముట్టరు. వాళ్ళ పేరు మీద రొయ్యలమ్మడం అంటే, బ్రాహ్మణ భోజన హోటల్ అని బోర్డు పెట్టి నాటుకోడి పులుసు వడ్డించడమే. మా ఆయన మాత్రం "మసాలా బాగా పట్టింది" అంటూ ప్లేటు ఖాళీ చేశాడు.

తర్వాత కడవుంభాగం సినగాగ్ వెతుక్కుంటూ వెళ్ళాం. కడవు అంటే మన రేవు. మలబారు యూదులు 1540ల్లో కట్టుకున్నది, అంటే పరదేశి సినగాగ్ కంటే పాతది. 1950ల్లో జనం ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. లోపలి చెక్కపని ఊడదీసి జెరూసలేం మ్యూజియంలో పెట్టారు. మిగిలిన గోడలు గోడౌనయ్యాయి. 2019 సెప్టెంబర్ వానలకి ముందు భాగం కూలిపోయింది. ఆటో అతనికి ఆ పేరే తెలియదు. "సినగాగ్ చూసేశారు కదా, ఇంకోటెందుకు?" అన్నాడు. గొడుగు కింద నుంచి ఐదు నిమిషాలు చూసి వెనక్కొచ్చాం. టికెట్ లేదు, గైడూ లేడు.

అసలు తిండి సాయంత్రం దొరికింది. మేం దిగిన ఇంటి చేచి క్రైస్తవురాలు. అక్కడ అక్కని చేచి అంటారు. రొయ్యల కథ చెబితే పగలబడి నవ్వి, "ఉండండి, పాస్టెల్ చేస్తా" అంది. వాళ్ళ అత్తగారు యూదుల పక్కింట్లో ఉండి నేర్చుకుందట. మైదా పూరీలా ఒత్తి, ఉడికించి పీచులు తీసిన కోడిమాంసం, ఉల్లిపాయ, మిరియాలు, ఉడికిన గుడ్డు పెట్టి సగానికి మడిచింది. అంచుల్ని బొటనవేలితో నొక్కుతూ మెలిపెడుతుంటే నాకు మా అమ్మమ్మ కజ్జికాయలు గుర్తొచ్చాయి. అదే మెలిక. నూనెలో వేయగానే బుస్సుమని పొంగింది. వేడివేడిగా కొరికితే మిరియం ఘాటు ముక్కులోకెక్కింది. మాంసంతో పాలూ వెన్నా కలపకూడదని వాళ్ళ నియమం కదా, మరి కూరలు చిక్కగా ఎలా అని అడిగాను. కిటికీ బయట తడుస్తున్న కొబ్బరిచెట్టు వైపు గరిటె చూపించింది.

ఆరో పాస్టెల్ తింటుండగా మా ఆయన తాపీగా అన్నాడు, "మీ గుంటూరు దగ్గర కూడా ఉన్నారుగా యూదులు." గొంతులో పడింది నాకు. ఉన్నారు. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో. బెనే ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిము వంశంవాళ్ళమని చెప్పుకుంటారు. 1991 నుంచి వాళ్ళకో చిన్న సినగాగ్ ఉంది. శనివారం సబ్బాతు అనే విశ్రాంతి దినం, పస్కా పండగ, హీబ్రూ ప్రార్థనలు, అన్నీ పాటిస్తారు. చాలామంది కూలి పనులు చేసుకునే మాదిగ కుటుంబాలవాళ్ళు. వాళ్ళ వంశం సంగతి పండితులు తేల్చుకోనీ. ఇరవై రెండేళ్ళు గుంటూరులో పెరిగి, అరగంట దూరంలో ఉన్న ఆ ఊరు నేను చూడలేదు. వెయ్యి కిలోమీటర్లు పోయి చైనా పలకలు చూసొచ్చాను.

అక్కడి నుంచే నాన్నకి ఫోన్ చేశాను. "కొత్తరెడ్డిపాలెమా? ఆళ్ళు మాదిగలు కదమ్మా, యూదులేంటి?" అన్నాడు.

వచ్చే నెల గుంటూరు వెళ్తున్నా. బండి తియ్యమని నాన్నకి చెప్పాను. శనివారం వెళ్దామన్నాడు, ఆయనకి సెలవట. శనివారం సబ్బాతు నాన్నా, వాళ్ళకీ సెలవే, ఆదివారం పోదాం అన్నాను.